అతి సున్నిత స్వభావం ఉన్నవారి దాంపత్య సాన్నిహిత్యం: ఏ మార్గం ఎవరికి సరిపడుతుంది

దాంపత్య జీవితం గురించి వచ్చే సలహాల్లో అధిక భాగం విసుగు పుట్టిన జంటలను దృష్టిలో పెట్టుకుని రాసినవే. కొత్తదనం తెమ్మని, ఉత్సాహం పెంచమని, ఎదుటివారు ఊహించని సమయంలో దగ్గరకు తీసుకొమ్మని అవి చెబుతాయి. అతి సున్నిత స్వభావం ఉన్నవారి విషయంలో ఇవే సలహాలు తరచుగా బెడిసికొడతాయి. ఎందుకంటే వారిలో చాలామందికి కోరికా కొరవడదు, స్పందనా కొరవడదు, ఉన్న స్పందనే ఒక్కోసారి తట్టుకోలేనంతగా పెరిగిపోతుంది. ముద్దుతో మొదలైన సాయంత్రం దుప్పటి గరుకుదనం దగ్గరో, భాగస్వామి గొంతులో లీలగా వినిపించిన విసుగు దగ్గరో ఆగిపోతుంది. అందుకే వీరు రెండు పద్ధతులను పోల్చుకునేటప్పుడు ఏది ఎక్కువ ఉత్తేజాన్నిస్తుందని కాక, ఏది తమ మీది భారాన్ని తగ్గిస్తుందని చూసుకోవాలి.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎలైన్ ఏరన్ ఈ స్వభావాన్ని 1990లలో శాస్త్రీయంగా వర్ణించారు. భర్త ఆర్థర్ ఏరన్‌తో కలిసి 1997లో ప్రచురించిన పరిశోధన పత్రంలో దానిని కొలిచేందుకు 27 ప్రశ్నల పట్టికను ప్రతిపాదించారు. వెలుతురు, చప్పుడు, వాసన, స్పర్శ వంటివాటిని లోతుగా గ్రహించడం, ఆ గ్రహింపు వల్లనే త్వరగా అలసిపోవడం, ఎదుటివారి మనోభావాన్ని ఇట్టే పసిగట్టడం దీని ముఖ్య లక్షణాలు. ఇది స్వభావమే గాని వ్యాధి కాదు. మానసిక రుగ్మతల వర్గీకరణలో దీనికి చోటు లేదు. 2018లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ఇంచుమించు 30 శాతం మందిలో ఈ సున్నితత్వం ఎక్కువగాను, 40 శాతం మందిలో మధ్యస్థంగాను, మిగిలినవారిలో తక్కువగాను ఉంటుంది. కనుక దంపతుల్లో ఒకరు ఒక కొసన, మరొకరు ఇంకో కొసన ఉండడం అరుదేమీ కాదు. ఇలాంటివారందరూ ముభావులని, శృంగారమంటే ముడుచుకుపోతారని అనుకోవడం కూడా పొరపాటే. మాటకారులు, పదిమందిలో ఇట్టే కలిసిపోయేవారు వీరిలో చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్నారు.

ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న

ఏ పద్ధతిని ఎంచుకోవాలన్నా ముందు ఒక విషయం తేలాలి: మిమ్మల్ని అలసటకు గురిచేస్తున్నది ఇంద్రియాల మీది భారమా, భావాల మీది భారమా? ఈ రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. రెండింటిలోనూ మనిషి వెనక్కి తగ్గుతాడు, ఒళ్లు బిగుసుకుంటుంది, "ఇవాళ వద్దు" అనే మాట వస్తుంది. కాని ఒకదానికి పనిచేసే ఉపాయం మరొకదానిని మరింత పెంచుతుంది. స్పర్శ ఎక్కువై అలసిన మనిషిని కూర్చోబెట్టి మనసు విప్పమని అడిగితే ఆ సంభాషణ ఇంకొక బరువవుతుంది. మధ్యాహ్నం విన్న ఒక మాట లోపల నలుగుతున్న మనిషికి మెత్తని దుప్పటి, మసక వెలుతురు ఎన్ని అమర్చినా ఫలితం ఉండదు.

తేల్చుకోవడానికి పెద్ద పరీక్షలు అక్కరలేదు. ఇటీవల మీరు వెనక్కి తగ్గిన సందర్భాన్ని ఒకదానిని తీసుకుని, దానికి ముందు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. చక్కిలిగింతలా తగిలిన చేయి, అత్తరు వాసన, చెవి దగ్గర ఊపిరి చప్పుడు, ఒకే చోట పదేపదే నిమరడం వంటివి గుర్తొస్తే అది ఇంద్రియాల భారం. తీరని తగువు, భాగస్వామి ముఖంలో ఏదో నీడ, "నేను బాగానే స్పందిస్తున్నానా" అన్న బెంగ గుర్తొస్తే అది భావాల భారం. రెండూ గుర్తొస్తే ఏది ముందు వచ్చిందో చూడండి. చాలామందిలో ఒకటి మొదలై రెండవదానిని లాక్కొస్తుంది. ఈ పని ఎవరికి వారు విడిగా చేసి, ఆ తరువాత ఒకరికొకరు చెప్పుకోవడం మేలు. సున్నిత స్వభావం ఉన్నవారు భాగస్వామి ఎదుట కూర్చుంటే తమ జవాబును వారి ముఖకవళికలకు తగ్గట్టు మార్చేస్తుంటారు.

మాట ముందా, స్పర్శ ముందా

భావాల భారం ఉన్నవారికి మాట ముందు రావాలి. మనసులో ముడి ఉండగా శరీరం సడలదు; రోజంతా దూరంగా ఉన్న మనిషి రాత్రికి హఠాత్తుగా దగ్గరైతే, ఆ దగ్గరతనంలో ప్రేమ కంటే అవసరమే వారికి ముందు కనిపిస్తుంది. ఇంద్రియాల భారం ఉన్నవారి సంగతి దీనికి భిన్నం. రోజంతా మాటలతో, చప్పుళ్లతో విసిగిన మనిషికి మౌనంగా పక్కన పడుకోవడమే పెద్ద ఊరట, మాట ఆ తరువాత తనంతట తాను వస్తుంది. చిక్కల్లా ఒక ఇంట్లో ఇద్దరూ చెరో రకం అయినప్పుడు. "ముందు నాతో మాట్లాడు" అని ఒకరు, "దగ్గరకు తీసుకుంటేనే నాకు మాట వస్తుంది" అని మరొకరు పట్టుబడితే, ఇద్దరూ నిజమే చెబుతున్నా ఎవరి మాటా సాగదు.

ఇలాంటి జంటకు నేను సూచించేది మాటను పడకగది నుంచి బయటకు తేవడం. కష్టమైన సంభాషణలు పగటిపూట, నడుస్తూనో, ఒకరి పక్కన ఒకరు కూర్చునో జరిగితే, ఎదురెదురుగా కళ్లలో కళ్లు పెట్టి మాట్లాడే ఒత్తిడి తగ్గుతుంది, రాత్రి స్పర్శకు అడ్డు ఉండదు. దంపతుల తగువులను పరిశోధించిన జాన్ గాట్‌మన్ ఒక సంగతి గమనించారు: గుండె వేగం నిమిషానికి 100 దాటాక మనిషికి ఎదుటివారి మాట సరిగా తలకెక్కదు, కనీసం 20 నిమిషాల విరామం కావాలి. అతి సున్నితులు ఆ స్థితికి త్వరగా చేరుకుంటారు కనుక, తగువు ముగిసిన వెంటనే కౌగిలితో సర్దేయాలనే ప్రయత్నం వారికి నప్పదు. రాయడం కూడా ఒక మార్గమే. నోటితో చెప్పలేని కోరికను నాలుగు వాక్యాల చీటీలో చెప్పగలిగేవారు వీరిలో చాలామంది ఉంటారు. దానిని చదివినవారు అక్కడికక్కడే బదులివ్వాలని పట్టుబట్టకపోతే చాలు.

ముందే అనుకోవడమా, అప్పటికప్పుడా

ఇద్దరూ ముందే సమయం అనుకోవడమంటే శృంగారాన్ని గడియారానికి కట్టేయడమని చాలామంది ఈసడించుకుంటారు. అప్పటికప్పుడు పుట్టే కోరికే అసలైన కోరిక అనే నమ్మకం దీని వెనుక ఉంది. కెనడా వైద్యురాలు రోజ్‌మేరీ బాసన్ 2000లో ఈ నమ్మకాన్ని ప్రశ్నించారు. చాలామందిలో, ముఖ్యంగా దీర్ఘకాల బంధాల్లో ఉన్న స్త్రీలలో, కోరిక ముందు పుట్టి దగ్గరతనానికి దారితీయడానికి బదులు దగ్గరతనం మొదలయ్యాక స్పందనగా పుడుతుందని ఆమె వివరించారు. అంతేకాక, కోరికను ముందుకు నడిపే యాక్సిలరేటరుతో పాటు దానిని ఆపే బ్రేకు కూడా ప్రతి మనిషిలో ఉంటుందని, ఆ రెండింటి బలం ఒక్కొక్కరిలో ఒక్కో రకంగా ఉంటుందని లైంగికతను పరిశోధించిన జాన్ బ్యాన్‌క్రాఫ్ట్, ఎరిక్ జాన్సెన్ ప్రతిపాదించారు. సున్నిత స్వభావం ఉన్నవారిని ఈ దృష్టితో చూస్తే చాలా సంగతులు అర్థమవుతాయి. పక్కగదిలో అలికిడి, మిగిలిపోయిన పని, చల్లని చేయి వంటి చిన్న విషయమే వారికి బ్రేకు వేస్తుంది. అప్పుడు యాక్సిలరేటరును ఎంత తొక్కినా లాభం లేదు, ముందు బ్రేకు మీద నుంచి కాలు తీయాలి.

ముందే అనుకోవడం ఆ పని చేస్తుంది. తలుపు గడియ, ఫోను మోత, స్నానం, పిల్లల నిద్ర వంటివన్నీ అప్పటికే సర్దుకుని ఉంటాయి. మనసు ఒక స్థితి నుంచి మరొక స్థితికి మారడానికి వ్యవధి దొరుకుతుంది. ఇంద్రియాల భారం ఉన్నవారికి నేను నిస్సందేహంగా ఈ పద్ధతినే సూచిస్తాను. భావాల భారం ఉన్నవారికి మాత్రం ఇందులో ఒక ప్రమాదం ఉంది. అనుకున్న సమయం దగ్గరపడే కొద్దీ అది పరీక్షలా తోస్తుంది. భాగస్వామి ఆశను ఉదయం నుంచే మోస్తూ, సాయంత్రానికి ఆ బరువుతోనే డీలా పడిపోతారు.

ఇటువంటివారు శృంగారానికి సమయం నిర్ణయించుకోవడం మాని, ఏకాంతానికి నిర్ణయించుకోవాలి. ఆ గంట ఇద్దరిదీ. అందులో ఏం జరగాలన్న షరతు ఉండకూడదు. ఒకరి వీపు ఒకరు నిమురుకుని నిద్రపోయినా ఆ గంట వృథా అయినట్లు కాదని ఇద్దరూ నిజంగా ఒప్పుకోవాలి, మాటవరసకు ఒప్పుకుంటే సున్నిత స్వభావం ఉన్న మనిషికి ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది. దీనితో పాటు "సరే", "వద్దు" అనే రెండు జవాబులకు మధ్య ఇంకొన్ని జవాబులు కూడా ఇంట్లో చెలామణిలో ఉండాలి. "ఇవాళ దగ్గరగా పడుకోవాలని ఉంది, అంతకు మించి వద్దు" అన్నది ఒక జవాబు. "ఇప్పుడు తెలియడం లేదు, కాసేపు నెమ్మదిగా చూద్దాం, వద్దనిపిస్తే చెబుతాను" అన్నది మరొకటి. మొదలైన తరువాత కూడా ఆగే హక్కు ఉందని తెలిసిన మనిషికి మొదలుపెట్టడానికి భయం తగ్గుతుంది. ఆపినప్పుడు అలిగే భాగస్వామి ఉన్నచోట ఏ పద్ధతీ పనిచేయదు.

అప్పటికప్పుడు దగ్గరవడం వీరికి అసలు సరిపడదని కూడా చెప్పలేం. తగినంత నిద్ర, విశ్రాంతి దొరికిన రోజుల్లో, ప్రయాణాలూ పనులూ లేని తీరిక వేళల్లో సున్నితులు మిగిలినవారికంటే గాఢంగా స్పందించగలరు. ఆ రోజులను గుర్తించగలిగితే ప్రణాళిక అక్కరలేదు.

ఎలాంటి స్పర్శ

సున్నితంగా ఉండేవారిని సున్నితంగా తాకాలని అందరూ అనుకుంటారు. అది సగమే నిజం. వెంట్రుకలుండే చర్మంలో నెమ్మదైన నిమురుడుకు స్పందించే ప్రత్యేక నాడీతంతువులు ఉన్నాయి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో, శరీరపు వెచ్చదనం ఉన్న చేయి కదిలినప్పుడు అవి బాగా స్పందిస్తాయని, హాయి అనిపించేదీ ఆ వేగమేనని పరిశోధనలు చూపాయి. ఆ వేగం ఎంతో తెలియాలంటే చేసి చూడాలి. మోచేతి నుంచి మణికట్టు వరకు దూరం సుమారు 25 సెంటీమీటర్లనుకుంటే, సెకనుకు 3 సెంటీమీటర్ల చొప్పున ఆ దారి దాటడానికి ఎనిమిది సెకన్లు పడుతుంది. గడియారం చూస్తూ ఒకసారి ప్రయత్నించినవారికి తాము మామూలుగా ఎంత తొందరగా నిమురుతున్నారో అర్థమవుతుంది.

అయితే కొందరికి ఈ నెమ్మది స్పర్శ కూడా చీమ పాకినట్లుంటుంది. వారికి కదలని, కాస్త బరువైన స్పర్శ హితం: వీపు మీద ఆనించి ఉంచిన అరచేయి, గట్టి కౌగిలి, బరువైన దుప్పటి. కనుక నిమురుడు, అదుముడు అనే రెండింటిని వేర్వేరు రోజుల్లో, లైంగిక ఉద్దేశం లేకుండా, ఐదేసి నిమిషాలు ప్రయత్నించి ఏది నప్పుతుందో చూసుకోవడం అవసరం. ఏది ఎంచుకున్నా ఒకే చోట ఆగకుండా స్పర్శిస్తూ ఉంటే మొదట హాయిగా ఉన్నదే కాసేపటికి చిరాకు పుట్టిస్తుంది. చేయి ఒక్క క్షణం ఆగి, మరోచోటికి మారాలి.

పద్ధతి ప్రకారం సాధన చేయాలనుకునేవారికి, లైంగికతను పరిశోధించిన విలియం మాస్టర్స్, వర్జీనియా జాన్సన్ రూపొందించి 1970లో ప్రచురించిన సెన్సేట్ ఫోకస్ అనే స్పర్శ సాధన నేటికీ అందుబాటులో ఉన్న మంచి మార్గం. మొదటి దశలో జననాంగాలను, వక్షోజాలను తాకకూడదు, సంభోగం ఉండదు. ఒకరు తాకుతుంటే మరొకరు ఆ అనుభూతిని గమనిస్తూ ఉంటారు, తరువాత పాత్రలు మారతాయి. వారాలు గడిచే కొద్దీ హద్దులు కొద్దికొద్దిగా సడలుతాయి. ఉద్రేకపడాలన్న నియమం లేకపోవడమే దీని బలం. ఇంద్రియాల భారం ఉన్నవారికి ఇది చక్కగా సరిపోతుంది. భావాల భారం ఉన్నవారు మాత్రం మౌనంగా, వంతులవారీగా సాగే ఈ తంతును వైద్యపరీక్షలా ఉందని వాపోతుంటారు. వారు ముందు పది నిమిషాలు కబుర్లు చెప్పుకుని, చివర ఒకరినొకరు పట్టుకుని పడుకునేలా మార్చుకుంటే పద్ధతి ఉద్దేశం దెబ్బతినదు. సంభోగ సమయంలో కళ్లలోకి చూడడం కూడా ఇలాంటిదే: కొందరికి అదే అనుబంధానికి ప్రాణం, మరికొందరికి తట్టుకోలేని తీవ్రత. రెండవ రకంవారు పక్కకు తిరిగి, ఒకరి వీపుకు మరొకరు ఛాతీ ఆనించి పడుకునే భంగిమలను ఎంచుకుంటే ఆ తీవ్రత తగ్గుతుంది, దగ్గరతనం తగ్గదు.

మిగిలిన ఏర్పాట్లను క్లుప్తంగా చెప్పవచ్చు. పూర్తి చీకటి కంటే ఒక మూల నుంచి వచ్చే పసుపుపచ్చని మసక వెలుతురు చాలామందికి నప్పుతుంది, ఎందుకంటే చీకట్లో ఏ స్పర్శ ఎటునుంచి వస్తుందో తెలియక ఉలిక్కిపడతారు. సుగంధాలు మానేయడమే క్షేమం. రాపిడి తగ్గించే జారుడు ద్రవాల్లో (లూబ్రికెంట్లలో) వాసన, వెచ్చదనం, జలదరింపు కలిగించే రకాలు వద్దు. నీటి ఆధారితమైనవి కడగడం సులువు గాని త్వరగా ఆరిపోతాయి. సిలికాన్ ఆధారితమైనవి ఎక్కువసేపు నిలుస్తాయి, రాపిడి తక్కువ. నూనె ఆధారితమైనవి లేటెక్స్ (రబ్బరు) కండోమ్‌ను బలహీనపరుస్తాయి కనుక రెండూ కలిపి వాడకూడదు. లేటెక్స్‌తో మంట, దురద వస్తే దానిని సున్నిత స్వభావం ఖాతాలో వేయకుండా అలర్జీ ఉందేమో చూపించుకోవాలి. లేటెక్స్ లేని పాలీఐసోప్రీన్, పాలీయురేథేన్ కండోమ్‌లు ఉన్నాయి.

కలయిక తరువాతి సమయం

నా దృష్టిలో అన్నిటికంటే తక్కువ పట్టించుకునేది, ఎక్కువ అపార్థాలకు కారణమయ్యేది ఈ పావుగంటే. అంతా ఇష్టంగా, హాయిగా జరిగినా ఆ తరువాత కారణం లేని దిగులు, కన్నీరు, చిరాకు కలగడం ఉంది. విశ్వవిద్యాలయ విద్యార్థినుల మీద జరిపి 2015లో ప్రచురించిన ఒక సర్వేలో 46 శాతం మంది జీవితంలో ఒక్కసారైనా ఇది అనుభవించామన్నారు. తరువాత పురుషుల మీద జరిపిన సర్వేలో 41 శాతం మంది అదే మాట చెప్పారు. ఆ సర్వేలు ప్రత్యేకించి అతి సున్నితుల మీద జరిగినవి కావు. మామూలు మనుషుల్లోనే ఇంతమందికి కలిగే అనుభవమైనప్పుడు, దేనినైనా గాఢంగా గ్రహించే మనిషికి కలిగితే ఆశ్చర్యపోనక్కరలేదు. కన్నీరంతా దుఃఖమూ కాదు. నిండుగా అనిపించినప్పుడు కూడా వీరికి కళ్లు తడుస్తాయి.

ఇక్కడ ఎంపిక రెండు దారుల మధ్య ఉంటుంది: కౌగిలి వదలకుండా ఉండడం, కాసేపు విడిగా ఉండడం. భావాల భారం ఉన్నవారికి మొదటిది కావాలి. వెంటనే లేచి వెళ్లిపోయే భాగస్వామి, ఫోను అందుకునే భాగస్వామి వారి మనసులో అప్పటివరకు జరిగినదాని అర్థాన్నే మార్చేస్తారు. ఇంద్రియాల భారం ఉన్నవారికి, ముఖ్యంగా భావప్రాప్తి తరువాత చర్మం మరీ సున్నితమైపోయేవారికి, రెండవది కావాలి. ఆ సమయంలో ప్రేమగా వేసిన చేయి కూడా వారికి బాధే. వారు చేయి తోసేస్తే అవతలివారు నొచ్చుకుంటారు. ఈ అవసరాన్ని ఆ క్షణంలో వివరించడం కష్టం కనుక మామూలు సమయంలోనే చెప్పి ఉంచాలి: "అయిపోయాక నాకు పది నిమిషాలు మౌనం కావాలి, అది కోపం కాదు, మళ్లీ నేనే దగ్గరకు వస్తాను." ఈ మాటల్లో చివరిదే ముఖ్యం. తిరిగి వస్తానన్న హామీ ఉంటే ఆ పది నిమిషాలు ఎదుటివారికి భరించదగినవవుతాయి. ఇద్దరి అవసరాలూ వేరైన జంటలకు మధ్యేమార్గంగా, విడిగా పడుకుని కేవలం పాదాలు ఆనించి ఉంచడం, లేదా మధ్యలో దుప్పటి ఉంచి చేయి వేయడం సరిపోవచ్చు.

సొంత ప్రయత్నమా, నిపుణుల సహాయమా

ఇద్దరి మధ్య నమ్మకం ఉండి, ఇబ్బంది అలసటకు, అపార్థాలకు పరిమితమైతే పైన చెప్పినవాటిని సొంతంగా ప్రయత్నించవచ్చు. రెండు మూడు నెలల సమయం ఇవ్వడం న్యాయం. నొప్పి ఉంటే మాత్రం అది సున్నిత స్వభావం అని సరిపెట్టుకోకూడదు. సంభోగంలో నొప్పి, కండరాలు వాటంతటవే బిగుసుకుపోవడం, మంట వంటివి ఉన్న స్త్రీలు ముందుగా స్త్రీవైద్య నిపుణులను, పురుషులు యూరాలజిస్టును కలవాలి. కుంగుబాటుకు వాడే కొన్ని మందులు, ముఖ్యంగా మెదడులో సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే ఎస్ఎస్ఆర్ఐ రకం, కోరికను, భావప్రాప్తిని తగ్గిస్తాయి. ఆ అనుమానం ఉంటే మందును సొంతంగా ఆపకుండా రాసిచ్చిన వైద్యుడితోనే మాట్లాడాలి.

గతంలో లైంగిక హింసకు గురైనవారిలోనూ ఉలికిపాటు, ఒళ్లు బిగుసుకోవడం, శరీరం తనది కానట్లు అనిపించడం ఉంటాయి. పైకి అతి సున్నితత్వంలాగే కనిపించినా దారి వేరు. అలాంటివారు స్పర్శ సాధనలను సొంతంగా మొదలుపెట్టకుండా, గాయపడిన మనసులకు చికిత్స చేయడంలో శిక్షణ పొందిన థెరపిస్టు దగ్గరకు ముందుగా వెళ్లాలి.

మిగిలినవారికి జంటల కౌన్సెలింగ్, సెక్స్ థెరపీ అనే రెండు మార్గాలున్నాయి. తగువులు, దూరం, నమ్మకం సన్నగిల్లడం ప్రధానమైతే మొదటిది. 1980లలో సూ జాన్సన్, లెస్లీ గ్రీన్‌బర్గ్ రూపొందించిన భావోద్వేగ కేంద్రిత చికిత్స, ఒకరి భావాన్ని మరొకరు సురక్షితంగా వినేలా చేయడం మీద ఆధారపడింది కనుక, భావాల భారం ఉన్నవారికి ఎక్కువగా నప్పుతుంది. బంధం బాగానే ఉండి పడకగదిలోనే ఇబ్బంది వస్తుంటే సెక్స్ థెరపీ మంచిది. ఇది పూర్తిగా సంభాషణతో, ఇంట్లో చేయవలసిన సాధనలతో సాగుతుంది. అందులో థెరపిస్టు మిమ్మల్ని తాకడం గాని, దుస్తులు తీయమనడం గాని ఉండదు. ఉంటే అక్కడినుంచి వచ్చేయాలి. ఎవరి దగ్గరకు వెళ్లినా మొదటి సమావేశంలోనే ఒక ప్రశ్న అడగండి: స్పర్శ, శబ్దం, ఎదుటివారి మనోభావం త్వరగా ఎక్కువైపోయే మనిషికి మీరు ఇచ్చే సాధనలను ఎలా మారుస్తారు? వేగం తగ్గిస్తామని, దశలు పెంచుతామని, మధ్యలో ఆపే గుర్తు ముందే ఏర్పాటు చేస్తామని వారు వివరిస్తే కొనసాగవచ్చు. అలవాటైతే అదే పోతుందని తేలిగ్గా తీసేస్తే మరొకరిని వెతుక్కోవడం మంచిది.